పళ్ళాయన అడిగిన మాట

ఆయన పళ్ళ సెట్లు చేసేవాడు. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే అందులో ప్లాస్టర్ పోసి, ఆరాక మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కో పన్నునూ దాని చోట నిలబెట్టడం ఆయన పని. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే గది. కిటికీ పక్కన బల్ల, మైనం కరిగించే చిన్న స్టవ్వు, మూలన పాలిష్ మిషను, వీటన్నిటి మీదా సన్నటి తెల్ల పొడి. వీధిలోనూ చర్చిలోనూ అందరికీ ఆయన పళ్ళాయనే. అసలు పేరు చాలామందికి తెలియదు.

భార్య పోయిన మూడో రోజుకే ఆయన పనిలోకి వచ్చేశాడు. పక్క బల్ల దగ్గర పాలిష్ పెట్టే ఆవిడ, "ఇంకో వారం ఉండాల్సింది అన్నా" అంది.

"ఉండి ఏం చెయ్యనమ్మా?" అన్నాడాయన.

ఏడుపు రాలేదు. సమాధి దగ్గర ఎండ బాగా ఉందని, చెప్పు తెగిందని మాత్రమే గుర్తుంది. పన్ను పీకే ముందు సూది వేస్తే దవడ తనది కానట్టు ఉంటుంది కదా, ఒళ్ళంతా అలాగే ఉందని ఒకసారి ఆవిడతో అన్నాడు. "అది దిగిపోతుందన్నా" అందావిడ. అయిదు నెలలైనా దిగలేదు.

దీని వెనుక ఆయన మామగారి మాట ఒకటి ఉంది. మామగారు బట్టల దుకాణంలో గుమస్తా, చర్చి పెద్దల్లో ఒకడు. యాభయ్యో ఏట ఒక ఉదయం మోకాళ్ళ మీద నుంచి లేచి, తనకు దేవుని దగ్గర్నుంచి మాట వచ్చిందన్నాడు. తానూ తన పిల్లలూ చావు చూడరట. ప్రభువు తిరిగి వచ్చేసరికి బతికే ఉంటారట. అప్పటి నుంచి ఆ ఇంటికి ఏ మరమ్మతూ చేయించలేదు. పైకప్పు కారితే కింద గిన్నె పెట్టేవారు. "ఇంకెన్నాళ్ళులే" అనేది ఆ ఇంట్లో అందరికీ ఊతపదం. డాక్టరు దగ్గరికి వెళ్ళడమంటే ఆయన మాట నమ్మకపోవడమే.

ఆ పెద్దాయన ఎనభై మూడో ఏట నిద్రలోనే పోయాడు. ఇంట్లో వాళ్ళు వారం రోజులు బిత్తరపోయి ఉన్నారు. తర్వాత కొడుకే సర్దిచెప్పాడు. "నాన్న చెప్పింది మనం సరిగ్గా అర్థం చేసుకోలేదు. పిల్లలు అన్నాడుగా. అంటే అక్కా, నేనూ." అక్క సరేనని తలూపింది. ఆ అక్కే పళ్ళాయన భార్య.

రెండేళ్ళ తర్వాత ఆమె రొమ్ములో గడ్డ తేలింది. చెయ్యి పట్టుకుని భర్తకు చూపించింది. "డాక్టరుకి చూపిద్దాం" అన్నాడాయన.

"నాన్న మాట అబద్ధమంటావా?"

ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఏడు నెలలు గడిచాయి. అప్పుడు వెళ్తే డాక్టరు చెయ్యగలిగింది ఏమీ లేదు.

ఆమె పోయాక కూడా ఆయన బుధవారం సాయంత్రాలు చర్చి వెనక గదికి వెళ్తూనే ఉన్నాడు. నలుగురు కూర్చుని వాక్యం చదువుకునే గది అది. రిటైరైన హిస్టరీ టీచరమ్మ, మందుల షాపాయన, పళ్ళాయన బావమరిది, పళ్ళాయన. బావమరిది స్కూలు బస్సుల షెడ్డులో మెకానిక్. ఈ నలుగురిలో పళ్ళాయన నోరు విప్పేవాడు కాదు. మడత కుర్చీలు వేసేవాడు, అయిపోయాక తీసేవాడు.

ఆ బుధవారం చదవడం టీచరమ్మ వంతు. కళ్ళజోడు సరిచేసుకుని అంది. "ఇక్కడొక తిరకాసుంది. దాటేసి పోవడం నాకిష్టం లేదు. ఎదురుగా నిలబడ్డవాళ్ళలో కొందరు బతికుండగానే దేవుని రాజ్యం వచ్చేస్తుందని ప్రభువు అన్నట్టుంది. తొలినాటి వాళ్ళు దాన్ని అక్షరాలా నమ్మారు. ఆ నమ్మినవాళ్ళందరూ పోయారు. మరి ఆ మాటను మనం ఏం చేసుకుందాం?"

"జరిగిపోయింది కదా టీచరమ్మా" అన్నాడు మందుల షాపాయన. "నలభై ఏళ్ళు తిరక్కుండా యెరూషలేము గుడి కూలింది. ఆయన చెప్పింది దాని గురించే. సరిపోయింది."

"గుడి కూలింది సరే, మరి ఆయన వచ్చేటప్పుడు మోగాల్సిన బూర ఎవరూదారు?" అన్నాడు బావమరిది. "ఎవరికైనా వినపడిందా?"

"నీకు బస్సు హారనే వినపడదు, బూర సంగతి నీకెందుకు?"

టీచరమ్మ నవ్వింది. బావమరిది నవ్వలేదు. "ఈ తరం పోకముందే అన్నాడు కదా, ఆ తరం అంటే అప్పటి మనుషులు కాదు. గుర్తులు ఎవరి కళ్ళబడతాయో వాళ్ళ తరం. అంటే మనం."

"మనకన్నా ముందు ప్రతి తరమూ అదే అందయ్యా" అంది టీచరమ్మ. "కొన్నేళ్ళకే వెక్కిరించేవాళ్ళు బయల్దేరారు, ఏడీ మీ ప్రభువు, ఇంకా రాడేం అని. ఆయన లెక్కలో వెయ్యేళ్ళయినా ఒక్క రోజేనని వాళ్ళకి జవాబు రాయాల్సొచ్చింది. జవాబు రాశారంటే దెబ్బ తగిలినట్టే కదా."

"అయితే ప్రభువు తప్పు చెప్పాడంటారా?" బావమరిది గొంతు పెరిగింది.

"వాళ్ళు ఇవాళో రేపో అనుకున్నారు, రాలేదు అంటున్నా. అయినా చెదిరిపోలేదు. నాకు అది పెద్ద సంగతి." ఆమె పేజీ తిప్పింది. "ఓడరేవు పట్నంలో ఒక సంఘం ఉండేది. ఎదురుచూస్తుండగానే వాళ్ళలో కొందరు చనిపోయారు. మిగిలినవాళ్ళు హడలిపోయారు, మనవాళ్ళకిక రాజ్యం లేదా అని. వాళ్ళని ఓదారుస్తూ అపొస్తలుడు ఉత్తరం రాశాడు. పోయినవాళ్ళే ముందు లేస్తారని."

అప్పుడు పళ్ళాయన అడిగాడు. "ఆ పోయినవాళ్ళు ఎలా పోయారు టీచరమ్మా?"

అయిదు నెలల్లో ఆ గదిలో ఆయన అడిగిన మొదటి మాట అదే. ముగ్గురూ ఆయన వైపు తిరిగారు.

"అది రాయలేదు" అందామె.

"జబ్బు చేస్తే మందు తినకుండా ఆగారా? ఎలాగూ వస్తున్నాడు కదా అని?"

ఏ డాక్టరుకు ఏ రంగు పళ్ళు పంపాలో చెప్పే గొంతుతోనే ఆయన చెప్పుకుపోయాడు. "మా ఆవిడ ఏడు నెలలు ఆగింది. గడ్డ నాకు చూపించింది. ఒక్కసారి చెప్పి ఊరుకున్నాను. నేనూ ఆగాను."

బావమరిది కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. "నాన్న అబద్ధం చెప్పలేదు బావా."

"చెప్పలేదు. ఆయనా నమ్మాడు."

బావమరిది వెళ్ళిపోయాడు. కాసేపటికి మందుల షాపాయన కూడా, షాపు చూసుకోవాలని గొణిగి లేచాడు. పళ్ళాయన కుర్చీలు మడవడం మొదలుపెట్టాడు.

"అదే ఉత్తరంలో, ఎవరి చేతులతో వాళ్ళు పని చేసుకోండని కూడా ఉంది" అంది టీచరమ్మ నెమ్మదిగా. "ఎదురుచూస్తూ పని మానేసినవాళ్ళు ఉండి ఉంటారు."

"నేను పని మానలేదు."

"తెలుసు."

"అయినా నాకు ఏమీ అనిపించడం లేదు టీచరమ్మా. ఇప్పుడు ఇది చెప్పాక కూడా."

ఆమె తన కుర్చీ తనే మడిచి ఆయనకు అందించింది. "అనిపించకపోతే పోనీ. వచ్చే బుధవారం రా" అంది.

బావమరిది రెండు బుధవారాలు రాలేదు. ఆ తర్వాతి సోమవారం పొద్దున్నే, గ్రీజు మరకల బట్టల్లోనే, పళ్ళ గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఎడమ కంట్లో పక్కనుంచి చీకటి కమ్ముకొస్తోంది బావా. ఏడాది పైనే అయింది. బ్రేకు పైపులు చేత్తో తడిమి చూసి బిగిస్తున్నా. పిల్లలెక్కే బస్సులు."

పళ్ళాయన చేతిలోని మైనపు చిగురు బల్ల మీద పెట్టాడు.

"ఇంకోటి" అన్నాడు బావమరిది నేల చూస్తూ. "గడ్డ సంగతి అక్క నీకన్నా ముందు నాకే చెప్పింది. హాస్పిటల్‌కి వెళ్ళనా తమ్ముడూ అని అడిగింది. ప్రార్థన చేద్దాం అన్నాను."

కోపం వస్తుందేమోనని పళ్ళాయన కాసేపు చూశాడు. రాలేదు. జాలి కూడా రాలేదు. పాలిష్ మిషను ఆగింది, పక్కావిడ ఇద్దరి వైపూ చూస్తోంది. చివరికి బావమరిదే అన్నాడు. "హాస్పిటల్లో ఎక్కడికెళ్ళి ఎవరిని అడగాలో కూడా నాకు తెలీదు. వస్తావా?"

పళ్ళాయన స్టవ్వు ఆర్పి, చేతులు కడుక్కుని, చెప్పులేసుకున్నాడు.

కళ్ళ డాక్టరు చాలాసేపు చూసింది. ఎడమ కంట్లో పోయిన చూపు తిరిగి రాదనీ, కుడి కన్ను మాత్రం చుక్కల మందుతో నిలబెట్టొచ్చనీ చెప్పింది. "ముందే వచ్చుంటే..." అనబోయి, ఇద్దరి ముఖాలూ చూసి ఆగిపోయింది.

షెడ్డులో బావమరిదిని బస్సుల మీద నుంచి తీసేసి, సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. చుక్కలు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెయ్యాలి. తనే వేసుకోబోతే గురి తప్పి బుగ్గ మీద పడేవి. అందుకని పనికి వెళ్తూ ఒకసారీ, వస్తూ ఒకసారీ పళ్ళాయన వాళ్ళింటికి వెళ్ళేవాడు.

"ఆయన వస్తాడు బావా" అన్నాడు బావమరిది ఒకరోజు, కుర్చీలో వెనక్కి వాలి. "నేనింకా చూస్తూనే ఉన్నా."

"చూడు, ఎవరొద్దన్నారు? పైకి చూడు, కదలకు."

చుక్క వేశాక రెండు నిమిషాలు కన్ను మూసుకుని ఉండాలి. ఆ కాసేపూ పళ్ళాయన మందు సీసా మూత బిగించి పట్టుకుని కూర్చునేవాడు. ఏడుపు ఆయనకు అప్పటికీ రాలేదు. పొద్దున పూటైతే ఆ తర్వాత ఒకరు షెడ్డుకీ, ఇంకొకరు పళ్ళ గదికీ బయల్దేరేవారు.