నా గొంతుకు వచ్చిన మంద

హనుమకొండలో సిగ్నల్ పడితే నేనెక్కిన ఆటో పక్కనే గొర్రెల లారీ ఒకటి వచ్చి ఆగింది. వానకు తడిసిన ఉన్ని వాసన గుప్పుమంది. గొర్రెదాటు అని లోకం వెక్కిరిస్తుంది గానీ, అలా అనేవాళ్లలో మంద తోలినవాడు ఒక్కడూ ఉండడు. గొర్రె ఎవరు పిలిస్తే వాళ్ల వెంట పోదు. ఆ సంగతి నాకు నేర్పింది మా నాన్నకు అన్న, కొమురయ్య పెద్దబాపు.

మా పరకాల వైపు గడ్డి మాడిపోయిందంటే ఆయన మందను గోదావరి దాటించి మహారాష్ట్ర అడవుల్లోకి తోలుకుపోయేవాడు. నేను పదో తరగతి తప్పిన ఏడాది నన్నూ, మా చిన్నాన్న కొడుకు సారయ్యనూ వెంట తీసుకుపోయాడు. వంతెన దాటగానే బోర్డుల మీద అక్షరాలు మారిపోయాయి. సారయ్య వారం తిరక్కుండానే జ్వరమొచ్చిందని బస్సెక్కి ఇంటికి పోయాడు. పెద్దబాపుకు మాట పొదుపు. ఇక నాకు మిగిలింది గొర్రెలే. పొద్దుగూకాక వాటి కాళ్లలో ముళ్లు తీస్తూ అమ్మ గురించీ, ఇంటి గురించీ వాటికే చెప్పుకునేవాణ్ణి. ఒక్కోసారి ఏడ్చేవాణ్ణి కూడా.

ఒక మధ్యాహ్నం వాగు దగ్గర ఎవరిదో మరో మంద వచ్చి మా మందలో కలిసిపోయింది. అలాంటప్పుడు కాపరులిద్దరూ చెరో వైపు నిలబడి పిలుస్తారు. ఎవరి గొర్రెలు వాళ్ల గొంతు పట్టుకుని వస్తాయి. ఆ రోజు పెద్దబాపుకు జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. అవతలి కాపరి పిలవడం మొదలుపెట్టాడు. పిలుపు వినబడక మావి ఆ మంద వెంటే పోతే ఆ అడవిలో మళ్లీ దొరకవు. మా రెండిళ్ల బతుకూ ఆ మంద మీదే. నేను గొంతు లావు చేసుకుని అచ్చం పెద్దబాపులా పిలిచాను. గొర్రెలు తలలెత్తి ఆయన కోసం చూశాయే తప్ప కదల్లేదు.

ఆయన నా చెవి దగ్గరకొచ్చి గుసగుసగా అన్నాడు. "నా లెక్క పిలిస్తే అవి నన్ను దేవులాడుతయి బిడ్డా. ముండ్లు తీసుకుంట ముచ్చట పెడతవు సూడు, గట్ల పిలువు."

రాత్రుళ్లు నిద్రపోయాడనుకుంటే నా ముచ్చట్లన్నీ విన్నాడన్నమాట. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నా బొంగురు గొంతుతోనే "రాండ్రే, ఇంటికి పోదాం" అన్నాను. కుంటి గొర్రె ఒకటి ముందుగా కదిలింది. దాని వెనకే మావన్నీ వచ్చేశాయి. పెద్దబాపు మెచ్చుకోలేదు. ఆ పూట మాత్రం నాకు పెట్టాకే తను తిన్నాడు.

ఆయన పోయాక పెద్దమ్మ మందను అమ్మేసింది. గొర్రెలు లారీ ఎక్కకుండా మొరాయిస్తుంటే, "నువ్వు పిలిస్తే ఎక్కుతయి కొడుకా, జర పిలువు" అంది. నిజమే, ఎక్కేవి. ఇంటికి పోదామని చెప్పి లారీ ఎక్కించడానికి నాకు నోరు రాలేదు. కొన్నవాళ్లే ఒక్కోదాన్నీ ఎత్తి లోపల వేసుకున్నారు.

ఇప్పుడు ఇక్కడ అద్దె గదిలో ఒక్కణ్ణే ఉంటున్నాను. రోజంతా సెల్‌ఫోన్ల షాపులో వచ్చేపోయేవాళ్లతో మాట్లాడుతూనే ఉంటాను, అదంతా షాపు గొంతు. అసలు గొంతు బయటికి తీసి ఎన్నాళ్లయిందో. పచ్చ లైటు పడి లారీ కదులుతుంటే మెల్లగా అన్నాను, "రాండ్రే, ఇంటికి పోదాం" అని. ఒక్కటీ తల తిప్పలేదు. అవి మావి కావు మరి.

ఆటో అన్న మాత్రం వెనక్కి తిరిగి చూశాడు.

"ఎవల్నన్న పిలుస్తున్నరా అన్నా?"

లేదన్నాను.