దండెం మీది తుండుగుడ్డ

ఎనభైల చివర, తిరువళ్ళూరు బళ్లో ఏడో తరగతి తెలుగు మీడియానికి సైన్సు చెప్పేదాన్ని. ఒక పిల్ల వాళ్ల మామ డిజిటల్ వాచీ కట్టుకొచ్చింది. "టీచర్, ముల్లే లేదే, టైము ఎట్ల తెలస్తాది?" అనింది.

రేడియో తెచ్చి గొంతు పెంచే మీట తిప్పాను. కాస్త తిప్పితే కాస్త, ఇంకాస్త తిప్పితే ఇంకాస్త. ఇది అనలాగ్. గోడ మీది స్విచ్చి వేసి తీశాను. వెలుగుంది, లేదు, నడుమ ఏమీ లేదు. ఇది డిజిటల్. వాచీ లోపల లెక్కంతా ఆ ఉంది, లేదు అనే రెంటితోనే అన్నాను. అందరూ గంగిరెద్దుల్లా తలలూపారు. అర్థం కాని తలలు నాకు బాగా తెలుసు. అందుకని మా నాయన సంగతి చెప్పాను.

నాయన గూడ్సు బండి గార్డు. డెబ్బైల మొదట్లో తిరుత్తణిలో పట్టాల పక్కనే మా ఇల్లు. బండి అక్కడ ఆగదు. దండెం మీద తెల్ల తుండుగుడ్డ ఉంటే ఇంట్లో అంతా క్షేమమని, లేకపోతే ఏదో జరిగింది రమ్మని, అమ్మా ఆయనా అనుకున్నారు. అయినా కూత వినపడితే అమ్మ పొయ్యి వదిలేసి బయటికొచ్చేది. చివరి పెట్టెలో ఆయన ముఖం అట్లా కనపడి పోయేలోపే తిన్నాడో లేదో చెప్పేసేది.

ఒకసారి ఎనిమిది రోజులు ఆయన ఇంటికి రాలేదు. నాకు బెంగతో అన్నం సయించలేదు. అమ్మ బావికి పోయిన వేళ కూత వినపడింది. తుండుగుడ్డ లాగేసి గోడ చాటున నక్కాను. గార్డు పెట్టెలోంచి నాయన ముందుకు వంగి దండెం వైపే చూడడం కనిపించింది.

అరక్కోణంలో బండి ఇంకొకరికి అప్పగించి, బస్సు పట్టుకొని వచ్చాడు. ముఖాన నెత్తురు చుక్క లేదు. "ఎవురికేమయిందిమే?" అని అమ్మనడిగాడు.

"ఏమీ కాలేదే. గుడ్డ యాడ పోయె?"

నేను తెచ్చిచ్చాను. నాయన కొట్టలేదు. మెట్టు మీద కూలబడ్డాడు. "దోవంతా మీలో ఎవురో ఒకరు పోయినారనే వచ్చినా పాపా," అన్నాడు. మంచినీళ్లు తాగి, మళ్లీ బస్సుకే వెళ్లిపోయాడు.

క్లాసులో ఇది విన్నాక వాచీ పిల్లే అడిగింది. "మీరు చెప్పాలనుకున్నిందేమి టీచర్?"

"నాయనా, నువ్వు కావాలి అని. గుడ్డకు రెండు మాటలే వచ్చు. ఆ మాట వాటిల్లో లేదు."

"మళ్ల, ముఖం చూపించింటే తెలిసుండేదా?"

తెలిసుండేది. నేను గోడ చాటున దాక్కున్నాను. ఈ సంగతి ఆయనకు చెబుదామంటే, ఆయన పోయి అప్పటికే నాలుగేళ్లు.