బంకర్‌లో నిద్రపోయేవాళ్ల బొమ్మలు

మధ్యాహ్నం రెండింటికి ట్రక్కు మమ్మల్ని దించింది. శిఖరానికి ఇవతలి వైపు, కొండ కింద, రాతి బంకర్. పై పోస్టులో డ్యూటీ చేసినవాళ్లు దిగొచ్చి నడుం వాల్చే చోటు. బయట మంచు మోకాలి లోతు. లోపల కిరసనాయిలు పొయ్యి, పొగ, తడి మేజోళ్ల కంపు. ఆర్డరు ఒక్కటే: బూట్లు విప్పకూడదు, తుపాకీ చేతికి అందాలి. నేను నెల్లూరు వైపు, కోట అనే ఊరి దగ్గర సముద్రపు ఒడ్డున పుట్టినవాణ్ణి. మా ఊళ్లో చలి అంటే దుప్పటి కప్పుకునేంత. అక్కడ టూత్‌పేస్టు రాయిలా బిగుసుకుపోయేది.

ఎల్‌ఎంజీ మెషిన్‌గన్‌కి నేను నంబర్ వన్, అంటే పేల్చేవాణ్ణి. తూటాల పెట్టెలు మోసే నంబర్ టూ హిమాలయాల వైపువాడు, నాకంటే రెండేళ్లు పెద్ద. మా ఇద్దరికీ ఒక ఒప్పందం ఉంది. ఎవరిని పైకి పిలిచినా రెండోవాణ్ణి లేపి చెప్పాకే కదలాలి. నిద్రలో పక్కవాడి బెల్టు పట్టుకోవడం నాకు అలవాటు. "నా పెళ్లాం కూడా ఇంత గట్టిగా పట్టుకోదురా" అని అతను హిందీలో ఆటపట్టించేవాడు.

రేడియో ఆపరేటర్‌ది మా పక్కనే, చిట్టమూరు. సెట్టు ముందు కూర్చుని, మెసేజ్ ప్యాడ్ కాగితాల వెనక పెన్సిల్‌తో మా బొమ్మలు గీసేవాడు. అన్నీ నిద్రపోతున్నవే.

"నీకు మేమే దొరికినామా అన్నా?" అన్నాను.

"మేలుకోనుంటే మీరు కదలకుండా యాడుంటారబ్బా," అన్నాడు.

ఒక మధ్యాహ్నం పైనుంచి రేడియోలో పిలుపు వచ్చింది. "గన్ జోడీలో ఒకణ్ణి పంపు. బ్యాటరీలు మోయాలి." రెండు రాత్రులు కాపలా కాసి నేను నిద్రలో ఉన్నాను. నంబర్ టూ వెళ్లాడు. కొండ మలుపులో షెల్ పడింది. అతను తిరిగి రాలేదు. నేను లేచేసరికి పక్క ఖాళీ. నా గుప్పిట్లో నా మఫ్లర్ కొసే ఉంది.

లేపాడా? లేపితే నేను లేవలేదా? విని కూడా అటు తిరిగి పడుకున్నానా? ఆపరేటర్‌ని అడిగితే తెలుస్తుంది. అడగడానికి భయమేసింది. అడగకుండానే సర్వీసు ముగించి ఇంటికొచ్చాను.

ఇప్పుడు రొయ్యల గుంటల దగ్గర కాపలా పని. అన్నం మధ్యలో లేచి గట్ల మీద తిరుగుతాను. కుదురుగా పడుకున్న రోజు లేదు. "రొయ్యలన్నా కాసేపు కునుకు తీస్తాయేమో గానీ ఈయన తీయడు" అని నా భార్య అందరికీ చెబుతుంది.

పోయిన నెల నెల్లూరు నుంచి ఆపరేటర్ బండి మీద వచ్చాడు. చేతిలో బొమ్మల ఫైలు. ఏదో కాలేజీవాళ్లు గోడకు పెడతామన్నారట.

"మీరంతా నోర్లు తెరుచుకోని పడుకోనుండారు. అడక్కుండా పెడితే తంతారని వచ్చినా," అన్నాడు.

నవ్వుతూ తిప్పాను. చివరి కాగితం దగ్గర చెయ్యి ఆగింది. అందులో ఒకడు మేలుకొని ఉన్నాడు. నంబర్ టూ. నా మీదికి వంగి, తన బెల్టు పట్టుకున్న నా వేళ్లను ఒక్కొక్కటిగా విడదీస్తున్నాడు. రెండో చేతిలో నా మఫ్లర్ కొస పట్టుకొని ఉన్నాడు.

"నన్ను లేపలేదా అన్నా?"

"లేపమనే చెప్పినా. వద్దులే, వాడు రెండు రాత్రులుగా కన్ను మూయలేదు, పడుకోనీ అన్నాడు."

"ఇన్నేళ్లూ చెప్పలేదే?"

"నువ్వు అడగలేదు. నీకు తెలుసనుకున్నా."

నా భార్య వెనక నిలబడి బొమ్మ చూసింది. పెళ్లయినప్పటి నుంచి చేపల గంపతో తెల్లారకముందే బయల్దేరే మనిషి.

"చంటిబిడ్డ గుప్పిట్లో నుంచి కొంగు తీసి, పాతగుడ్డ పెట్టి లేస్తాం గదా," అంది. "అట్నే చేసినాడు ఆయన."

నాకు ఏడుపొచ్చింది. ఇద్దరి ముందే ఏడ్చాను. గోడకు పెట్టుకోమని చెప్పాను.

ఈ మధ్య కాస్త నిద్ర పడుతోంది. లేవగానే మాత్రం, ముందు గుప్పిట విప్పి చూసుకుంటాను.