స్కోరుబోర్డు కింది వరుస

కువైట్‌లోని అర్దియాలో మా ఇంటికి దగ్గరగా కొత్తగా కట్టిన ఆటల హాలుకు మొన్న తొలిసారి వెళ్ళాను. తలుపు దాటగానే పచ్చి వార్నిష్ వాసన, చెక్క నేల మీద రబ్బరు బూట్ల కీచుమనే చప్పుడు ఒక్కసారిగా తాకాయి. బయటి జట్టు అభిమానులకు కేటాయించిన వరుసలో కూర్చుని, అలవాటు ప్రకారం ముందు తలుపులు ఎటున్నాయో చూసుకున్నాను. తరువాత స్కోరుబోర్డు కోసం వెదికాను. ఇక్కడ ఎదురెదురు గోడలకు రెండు బోర్డులున్నాయి. ఎక్కడ కూర్చున్నా అంకెలు కనిపిస్తాయి. సత్తిరాజు గారుంటే ఈ హాలుకు తక్కువ మార్కులే వేసేవారు.

డెబ్బైల చివర్లో ఆయన షుఐబాలో మా గోదాము ఫోర్‌మన్. అమలాపురం దగ్గరి మనిషి. హైస్కూలు రోజుల్లో మట్టి కోర్టులో బాస్కెట్‌బాల్ ఆడారట. మా కంపెనీ యజమాని ఒక బాస్కెట్‌బాల్ క్లబ్బుకు పోషకుడు. ఆ జట్టు ఇతర క్లబ్బుల హాళ్ళలో ఆడే రోజున, చప్పట్లు కొట్టడానికి మమ్మల్ని బస్సులో పంపేవాడు. చాలామందికి అది చల్లని చోట కునుకు తీసే అవకాశం. సత్తిరాజు గారు మాత్రం ప్రతి హాలునూ అది అతిథిని కూర్చోబెట్టే తీరును బట్టి తూచేవారు. సముద్రం పక్క హాలులో ఆట చక్కగా కనిపించేది, కాని బయటకు దారి ఒక్కటే, అదీ వాళ్ళ జనం మధ్యనుంచి. జహ్రా వైపు హాలులో తలుపు తెరిచినప్పుడల్లా నేల మీదికి ఇసుక కొట్టుకొచ్చేది. అయినా టీ మొదట అతిథి వరుసకే వచ్చేది. మా సొంత హాలులో అతిథులకు ఏసీ యంత్రానికి ఎదురుగా చోటిచ్చేవాళ్ళం. "మనోళ్ళు చలికి చంపి గెలుస్తారయ్యా" అని ఆయన సిగ్గుపడేవారు. నగరంలోని ఒక హాలులో స్కోరుబోర్డు సరిగ్గా అతిథుల తలల మీద వేలాడేది. ఆతిథేయులకు అంకెలు కనిపిస్తాయి, మాకు కనిపించవు. నా దృష్టిలో అది అన్నిటికన్నా చెడ్డ హాలు. ఆయన దానికే అన్నిటికన్నా ఎక్కువ మార్కులు వేసేవారు. "అక్కడ ఎదుటోడి మొహం చూడక తప్పదు. ఆటెటు పోతందో ఆ మొహమే చెబుద్ది" అనేవారు.

ఆ మాట నాకు ఒక గురువారం సాయంత్రం అర్థమైంది. నేను కడప జిల్లా నుంచి వచ్చి, మొదట అమ్ఘరాలో ఒక పాత ఇనుము యార్డులో లెక్కలు రాశాను. యార్డు తగ్గించుకుంటున్న నాకు వీసా ఇచ్చిన కఫీల్ అబూ నాసర్, వేరే పని చూసుకొమ్మన్నాడు. నన్ను వేరేచోటికి వదిలే రిలీజు కాగితం మీద తాను సంతకం పెట్టేదాకా కొత్త చోట అడుగుపెట్టవద్దని కూడా అన్నాడు. సంతకం వారం వారం వాయిదా పడుతూ వచ్చింది. ఖాళీగా ఉండలేక నేను ముందే షుఐబాలో చేరాను. నా నివాస అనుమతి, ఇఖామా, ఇంకా ఆయన పేరు మీదే ఉంది. ఆయన ఒక్క ఫిర్యాదు చేస్తే నన్ను విమానం ఎక్కించేస్తారు. అటువంటి స్థితిలో, ఆ నగరపు హాలులో ఆట మొదలైన కాసేపటికి ఎదుటి మెట్ల మీద ఆయన కనిపించాడు.

"సార్, అదో, మూడో మెట్టు మీద కూచోనుండేది మా పాత కఫీల్. నన్ను చూసినాడంటే అయిపాయ. నేను బస్సులోకి పోతా."

"కూచోవయ్యా. ఆట మధ్యలో లేచినోణ్ణి హాలు హాలంతా చూస్తాది."

నేను ముందు వరుసలోని మనిషి చాటుకు ఒరిగాను.

"కడపోళ్ళు పౌరుషమంటారు గదా, ముందోడి బట్టతల వెనకాల దాక్కుంటావా?" అన్నారాయన. తరువాత గొంతు తగ్గించారు. "వాళ్ళు గెలవాలనుంది కదూ నీకు?"

"ఆయప్ప సంతోషంగా ఉంటే సంతకం పెడతాడేమోనని, సార్."

"అనుకో, తప్పులేదు. చప్పట్లు మాత్రం మనోళ్ళకి కొట్టు. ఆళ్ళ బస్సెక్కొచ్చావు."

లెక్క తప్పడం నా స్వభావం కాదు. బోర్డు కనబడని హాలులో స్కోరు మనసులో కట్టుకుంటూ వచ్చేవాణ్ణి. ఆ రోజు ఆ మూడో మెట్టును చూస్తూ లెక్క పోగొట్టుకున్నాను. చివరికి మావాడు విసిరిన బంతి వలలో పడటం, ఆట ముగిసిన హారన్ మోగటం ఒకేసారి జరిగాయి. రిఫరీ స్కోరర్ల బల్ల దగ్గరికి నడిచాడు. ఆ బుట్ట చెల్లితే మా గెలుపు, లేకుంటే వాళ్ళది. ఎదుటి మెట్ల మీది జనమంతా మా తలల పైకి చూస్తున్నారు. అబూ నాసర్ కూడా అక్కడికే చూస్తున్నాడు. ఆయన పెదవులు బిగుసుకున్నాయి. బోర్డు మీదినుంచి చూపు మెల్లగా కిందికి దిగి నా మీద ఆగింది. మేము గెలిచామనీ, ఆయన నన్ను గుర్తుపట్టాడనీ ఒక్క క్షణంలోనే తెలిసింది.

"పద" అని సత్తిరాజు గారు లేచారు.

"యాడికి సార్?"

"ఆయన దగ్గరికే."

నేను ఆయన వెనకే కోర్టు దాటాను. సత్తిరాజు గారు తనకు వచ్చిన అరబ్బీలో సలాం చెప్పి, "మీ కుర్రాళ్ళు బాగా ఆడారు. కువైట్‌లో హాలంటే ఇదే" అన్నారు.

"ఎగతాళా? మీరు కూర్చున్నది బోర్డు కింద. ఏం కనిపించింది మీకు?" అన్నాడు అబూ నాసర్.

"మీరు కనిపించారు."

అబూ నాసర్ నా వైపు తిరిగాడు. నన్ను చూపిస్తూ, "వీడు నీ దగ్గర పనిచేస్తున్నాడా?" అని అడిగాడు.

"నా పక్కన కూర్చున్నాడు. మీరు సంతకం పెట్టేదాకా మీ మనిషే. అందుకే మీ దగ్గరికి తీసుకొచ్చాను."

అబూ నాసర్ ఖాళీ అవుతున్న మా వరుస వైపు చూశాడు. "అక్కడినుంచి పలకరించడానికి ఇంకెవరూ రాలేదు" అన్నాడు. తరువాత నాతో, "శనివారం కాగితం పట్టుకురా. ఖలాస్" అన్నాడు.

బస్సెక్కాక, ఓడినవాడి దగ్గరికి అప్పుడే ఎందుకు వెళ్ళారని అడిగాను. "ఎలాగూ చూసేశాడు గదా. పారిపోతే శనివారం పోలీసొచ్చేవాడు" అన్నారు. కిటికీ వైపు తిరిగి, "ఆళ్ళు గెలిచుంటే ఆ సందట్లో ఆయనకి మనం కనబడమయ్యా" అన్నారు.

శనివారం సంతకం అయింది. ఎనభైల నడుమ సత్తిరాజు గారు ఉద్యోగం చాలించుకుని అమలాపురం వెళ్ళిపోయారు.

మొన్న అర్దియాలో మా జట్టు ఓడిపోయింది. రెండు బోర్డులలోనూ అంకెలు ఆరిపోయేదాకా నేను కదలలేదు. ఎదుటి వరుసనుంచి ఎవరైనా వస్తారేమోనని చూశాను, ఎవరూ రాలేదు. ఇన్నేళ్ళుగా ఆ సాయంత్రం సత్తిరాజు గారు నాకు ఇప్పించినదాన్నే లెక్కలో రాసుకున్నాను. ఓడినప్పుడు అబూ నాసర్‌కు ఆయన ఇచ్చిన పలకరింపును అప్పటిదాకా రాసుకోలేదు. లేచి, కోర్టు దాటి, వాళ్ళను పలకరించడానికి నేనే అటు వెళ్ళాను.