ఐదో చక్రంతో నాంపల్లి దాకా

గన్‌ఫౌండ్రీలోని మా ఇంటి నుంచి నాంపల్లి స్టేషన్ రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. ఆటోలో పది నిమిషాలు. నా సొంత కారులో నాకు గంటన్నర పట్టింది. ఇదే దారిన వెళ్లేవాళ్లకు పనికొస్తుందని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

తాండూరు నుంచి మా అత్తమ్మ తొమ్మిదిన్నర బండికి దిగుతుంది. ఎప్పుడొచ్చినా ఆమెను మా తోడల్లుడు శ్రీనివాస్ తీసుకొస్తాడు. "శ్రీను కార్ల కూసుంటే ఇంట్ల కూసున్నట్టే" అని ఆమె నా ఎదుటే అంటుంది. పన్నెండేళ్లుగా వింటున్నాను. నాకు కుళ్లే, దాచుకోవడమెందుకు? ఆ మాట ఒక్కసారి నా బండి గురించి వినాలి. అందుకే ఈసారి నేనే వస్తానని ఫోన్ చేసి చెప్పాను.

పోయిన దసరాకు శ్రీనివాస్ తన కారుకు మెరిసే అల్లాయ్ చక్రాలు వేయించాడు. వారం తిరక్కముందే నేనూ వేయించాను, అతనికంటే ఒక సైజు పెద్దవి. "స్టెప్నీ కూడా మార్చుకోండి సార్" అన్నాడు దుకాణదారు. డిక్కీలో పడుండేదాన్ని ఎవరు చూస్తారని పాత చిన్న చక్రమే ఉంచేశాను.

8:50కి బయలుదేరాను. తొమ్మిదికి అబిడ్స్. బట్టల దుకాణం అద్దాల్లో నా చక్రాల మెరుపు చూసుకుంటూ ఫుట్‌పాత్ అంచు రాయికి కారు గీకించాను. ముందు ఎడమ టైరు ఢామ్మంది.

పక్క సందులోంచి యాదయ్య అనే పంచర్ మేస్త్రీని పిలుచుకొచ్చాను. "పక్కకు కోసుకపోయింది సార్, పంచరేస్తె ఆగది. స్టెప్నీ తీయుండ్రి" అన్నాడు. తీశాను. దాన్ని కారు పక్కన నిలబెట్టి నా మొహం చూశాడు.

"ఏంది సార్ గిది? నాలుగు గట్ల, ఒకటి గిట్ల?"

"బిగించవయ్యా, రైలు టైమయింది."

"ముంగట పెడ్తే స్టీరింగ్ గుంజుతది. ఎనకది ముంగటికేసి, గిది ఎనకకేస్త. ఇరవై మీద పోకుండ్రి. జర ఒర్గుతది, ఫికర్ చెయ్యకుండ్రి."

రెండు చక్రాలు విప్పి బిగించేసరికి 9:55. కారు వెనక ఎడమ పక్క కుంగిపోయింది. వెనక బస్సు ఒకటే హారన్. స్కూటర్ మీద ఒకాయన పక్కకొచ్చి "బండి ఓ దిక్కు ఒర్గింది అన్నా" అని చెప్పి పోయాడు. నాకు తెలియదు మరి!

10:20కి స్టేషన్ చేరాను. టీ దుకాణం ముందు అత్తమ్మ సంచులతో కూర్చుని ఉంది. పక్కన ఎవరు? శ్రీనివాస్!

"నువ్వు ఇంక రాలేదని వదిన ఇంటికెల్లి ఫోన్ చేసిందన్నా. గౌలిగూడల పని మీదుంటి, వచ్చిన" అన్నాడు.

"తన కార్ల రమ్మని పది సార్లన్నడు," అంది అత్తమ్మ. "పెద్దల్లుడు వస్తనన్నడు, ఆయన బండ్లనే పోతనని కూసున్న."

అబ్బ! ప్రాణం లేచొచ్చింది.

శ్రీనివాస్ నా కారు చుట్టూ తిరిగి చూశాడు. నవ్వలేదు. నవ్వినా బాగుండేది. పక్కనే ఆపిన తన కారు డిక్కీ తెరిచి మ్యాట్ ఎత్తాడు. అడుగున ఐదో అల్లాయ్, మిగతా నాలుగింటిలాగే, తళతళా.

"నా స్టెప్నీ ఇద్దునన్నా. కానీ నీది పెద్ద సైజాయె."

"డిక్కీలో ఎవరు చూస్తారని కొన్నావు?" అన్నాను ఉండబట్టలేక.

"చూసేటందుకు ఏందన్నా? అత్తమ్మను తీస్కపోతుంటా గద, నడితొవ్వల ఆగొద్దని."

నా డిక్కీలో చీలిన టైరు ఉంది కాబట్టి సంచులు కూడా అతని కారులోకే వెళ్లాయి.

10:40కి తిరుగు ప్రయాణం. అత్తమ్మను వెనక సీట్లో కుంగని పక్క కూర్చోబెట్టాను. మమ్మల్ని ఎవరూ గుద్దకుండా శ్రీనివాస్ నాలుగు లైట్లూ మినుక్కుమనిపిస్తూ వెనకే వచ్చాడు. అబిడ్స్‌లో హారన్లూ తిట్లూ అన్నీ అతనికే పడ్డాయి.

"పాపం శ్రీను, మన కోసం ఎంత మెల్లగ వస్తుండో" అంది అత్తమ్మ.

ఈ దారిన వచ్చేవాళ్లు ఐదు చక్రాలూ ఒకే సైజువి వేయించుకోండి. అత్తమ్మ నా కారులోనే ఇల్లు చేరింది. దారి పొడుగునా వెనక అద్దంలోంచి అతన్నే చూస్తూ వచ్చింది.