భానుశ్రీ పెట్టని గడువు

భానుశ్రీకి ఎవరి మీదా ఏదీ రుద్దడం చేతకాదు. ఇంటికి చుట్టాలొస్తే కాఫీయా టీయా అని అడిగేది, చక్కెర ఎంత వేయమంటారని అడిగేది, చివరికి గ్లాసులోనా కప్పులోనా అని కూడా అడిగి వాళ్ల ప్రాణం తీసేది. ఏదో ఒకటి ఇచ్చెయ్ తల్లీ అని వాళ్ల నాయన యోగానంద తల పట్టుకునేవాడు. ఆమె మాత్రం అదే మర్యాద అనుకునేది. ఆ మర్యాద ఒకనాడు ఒకరి ప్రాణం మీదికి తెచ్చింది.

తిరుపతి బైరాగిపట్టెడలో మేడమీది గదిలో కూర్చుని ఆమె ప్రోగ్రాములు రాసేది. 2002లో ఒక లైబ్రరీ తయారుచేసింది. పుస్తకాల లైబ్రరీ కాదు. ఒక ఊరి కంప్యూటరు ఇంకో ఊరి కంప్యూటరుతో ఫోను లైను మీద మాట్లాడటానికి కావలసిన పనంతా ముందే రాసిపెట్టిన సరంజామా. మిగతావాళ్లు దాన్ని తెచ్చుకుని తమ ప్రోగ్రాముల్లో వాడుకోవచ్చు. జవాబు కోసం ఎంతసేపు ఆగాలి, లైను దొరక్కపోతే ఎన్నిసార్లు ప్రయత్నించాలి లాంటి అమరికలు అందులో ఇరవై మూడు ఉన్నాయి. అన్నీ వాడేవాళ్ల ఇష్టానికే వదిలేసింది. వాళ్లు ఏమీ చెప్పకపోతే ఇక గడువన్నదే లేదు, లైను దొరికేదాకా, జవాబు వచ్చేదాకా కంప్యూటరు ఆగుతూనే ఉంటుంది. ఎవరి అవసరం వాళ్లకు తెలుసు, మధ్యలో నేనెవర్ని అని ఆమె ధోరణి.

మునిశేఖర్ అనే కుర్రవాడు ఆ లైబ్రరీ మీద రక్తనిధుల ప్రోగ్రాం కట్టాడు. ఒక స్వచ్ఛంద సంస్థకు తిరుపతి, చిత్తూరు, మదనపల్లెల్లో మూడు రక్తనిధులుండేవి. ఒకచోట లేని రక్తం ఇంకోచోట ఉందేమో కంప్యూటరే అడిగి చెబుతుంది. అతను అమరికల జోలికే పోలేదు. ఎవరు మాత్రం పోతారు? తెలిసినావిడ ఆలోచించే పెట్టి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు.

మరుసటి ఏడాది జూన్‌లో ఒక మధ్యాహ్నం, ప్రింటరు మొరాయిస్తోందని, ఆ కంప్యూటర్లు అమర్చిన మనిషి కదా అని పిలిస్తే భానుశ్రీ తిరుపతి రక్తనిధికి వెళ్లింది. అక్కడ పుత్తూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన తాయమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పక్క వీధి ఆసుపత్రిలో ఆమె కూతురు పల్లవికి పొద్దున కాన్పయింది. బిడ్డ బాగానే ఉంది కానీ తల్లికి నెత్తురు ఆగడం లేదు. బి నెగటివ్ కావాలి. ఇక్కడ ఒక్క సీసా కూడా లేదు. చిత్తూరును అడుగుతున్నాం, దయచేసి ఆగండి అని తెర మీద అక్షరాలు ఇరవై నిమిషాలుగా అలాగే ఉన్నాయి. కౌంటరు దగ్గరున్న నర్సు వాటినే నమ్ముకుని కూర్చుంది.

భానుశ్రీ కంప్యూటరు ముందుకు రాగానే తాయమ్మ దగ్గరికొచ్చి అడిగింది.

"ఎంతసేపవతాదిమ్మా?"

ఆ ప్రశ్నకు తన లైబ్రరీలో జవాబే లేదని ఆ క్షణంలో భానుశ్రీకి అర్థమైంది.

ఎదురుగా ఉన్న ఎస్.టి.డి. బూత్‌కు పరిగెత్తింది. చిత్తూరు రక్తనిధికి ఫోన్ చేస్తే ఎంగేజ్. మళ్లీ ఎంగేజ్. ఇక్కడిలాగే అక్కడా కంప్యూటరుకూ ఫోనుకూ ఒకటే లైను. ఆ కంప్యూటరు దేనికోసమో మదనపల్లెను అడుగుతూ ఉండాలి, అక్కడిది బిగుసుకుపోయి ఉండాలి, లైను మాత్రం తెగలేదు. ఇక పొద్దు గూకినా చిత్తూరు ఆగుతూనే ఉంటుంది, దానికోసం తిరుపతి ఆగుతూనే ఉంటుంది. అలా ఆగమని చెప్పింది తానే.

వేసవిలో కంప్యూటర్లు అమర్చడానికి చిత్తూరులో మూడు రోజులున్నప్పుడు, అవసరమైతే తనను పిలవడానికని రక్తనిధి పక్కనున్న జిరాక్సు అంగడి నంబరు ఇంట్లో ఇచ్చి వెళ్లింది. సంచిలోని డైరీ తీసి ఆ నంబరుకు చేసింది. అంగడాయన ధనంజయ వెళ్లి రక్తనిధిలో పనిచేసే స్టెల్లాను పిలుచుకొచ్చాడు.

"మదనపల్లెను అడగతానే ఉండాదక్కా, ముప్పావు గంట నుంచి," అంది స్టెల్లా.

"తీగ పీకెయ్."

"మద్దెలో ఆపితే వివరాలన్నీ చెరిగిపోతాయని మీరే రాసి అంటించినారు గదక్కా."

నిజమే. ఆ కాగితం ఆమె చేతిరాతే. స్టెల్లా ఇంతసేపూ బుద్ధిగా దాని మాట విన్నది.

"పోతే పోనీ స్టెల్లా, నేను చూసుకుంటా. ఫ్రిజ్ తెరిచి బి నెగటివ్ ఉండాదేమో చూడు."

స్టెల్లా పరుగున పోయి వచ్చేదాకా భానుశ్రీ రిసీవరు చెవికి అదిమిపట్టుకునే ఉంది. రెండు సీసాలున్నాయి. ఐసు డబ్బాలో పెట్టి తిరుపతి బస్సు డ్రైవరు చేతికిచ్చి, బస్సు నంబరు చెప్పమంది. మొత్తం నలభై నిమిషాలు పోయాయి. బస్సు రావడానికి ఇంకా రెండు గంటలు.

పల్లవి బతికింది. ఆ కబురు విన్నాక భానుశ్రీ మేడమెట్ల మీద కూర్చుని ఏడ్చింది.

మరుసటి పొద్దున గడువు పెట్టడానికి లైబ్రరీ తెరిచింది. అయిదు సెకన్లంటే చిత్తూరు లైను గొంతు సవరించుకునేలోపే అయిపోతుంది. అయిదు నిమిషాలంటే ఆ గోడ దగ్గర నిలబడినవాళ్లకు చాలా ఎక్కువ. చివరికి నలభై సెకన్లు పెట్టింది. మూడుసార్లు అడగాలి, తర్వాత లైను వదిలేసి, జవాబు రాలేదు, ఫోన్ చేయండి అని తెర మీద చెప్పాలి. ఇంకా ఆగాలనుకునేవాళ్లు మార్చుకోవచ్చు. ఏమీ చెప్పనివాళ్లకు మాత్రం ఇదే. లైన్లు నెమ్మదిగా ఉన్నచోట జనం తిడతారని మునిశేఖర్ గొణిగాడు. నన్నే తిట్టమను అంది.

నాలుగో రోజు ఆసుపత్రికి వెళ్లింది. వరండాలో తాయమ్మ ఎదురొచ్చి, నువ్వు ఫోన్ చెయ్యబట్టే నా బిడ్డ దక్కింది తల్లీ అంటూ రెండు చేతులూ పట్టుకుంది. ఊరుకుని ఉంటే సరిపోయేది. కానీ భానుశ్రీ ఊరుకోలేకపోయింది. ఆ కంప్యూటరు అలా ఆగిపోయింది తనవల్లేనని, ఎంతసేపు ఆగాలో చెప్పాల్సిన మనిషి తానేనని, చెప్పలేదని, నలభై నిమిషాలు అలా పోయాయని చెప్పేసింది.

తాయమ్మకు కంప్యూటరు సంగతి తెలియదు. నిమిషాలు తెలుసు.

"నెత్తురు రాలేదు, ఇంక ఆగలేనని డాక్టరమ్మ నా బిడ్డ గర్బసంచి తీసేసింది. అది తీసిన అరగంటకంతా ఆ బస్సు వచ్చేసింది."

తిట్టలేదు. పట్టుకున్న చేతులు మెల్లగా వదిలేసి, కూతురి దగ్గరికి వెళ్లిపోయింది.