దూరపు కబురుకు ఒక్క గంట

మా నాన్న పోయిన కబురు నాకు ఒమన్‌లో, అల్ అమెరాత్‌లో, సైట్ ఆఫీసు కేబిన్‌లో తెలిసింది. ఊరి నుంచి బావ ఫోన్ చేశాడు. లైనంతా గరగర.

"మావ పోయాడు. తెల్లారేసరికే అయిపోయింది. మధ్యాన్నం తీసుకెళ్తన్నాం," అన్నాడు. తరవాత, "చిన్నోడి నంబరు నా దగ్గర లేదు. నువ్వే చెప్పు," అన్నాడు.

సరేనన్నాను. ఫోన్ పెట్టేసి మళ్ళీ పైకెక్కి, సగంలో వదిలిన స్తంభానికి పలకలు కొట్టాను. షట్టరింగ్ పనిలో ఒక సుఖముంది. సుత్తి ఆడుతున్నంతసేపూ ఎవరూ మన మొహం చూడరు. సాయంత్రం బస్సులో రూముకు వెళ్ళాను, వంట నా వంతు కాబట్టి వండాను, తిన్నాను. ఇబ్రాలో ఉన్న తమ్ముడికి మాత్రం చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మాది గుంటూరు జిల్లా. మూడు తరాలుగా మా పేటంతా చర్చికి వెళ్ళేవాళ్ళమే. నాన్న చర్చిలో గంట కొట్టేవాడు. ఎనభైల చివర్లో, నాట్ల రోజుల్లో, అమ్మ జ్వరంతో నాలుగు రోజుల్లో పోయింది. తరవాత నాన్న గంట తాడు పట్టుకోలేదు. ఆ రోజుల్లోనే పక్క ఊళ్ళో ఒక పెద్దాయన, మనవాళ్ళు ఎఫ్రాయిము సంతతి, మనం యూదులం, పాత ధర్మశాస్త్రానికి తిరిగి వెళ్దాం అని నాలుగైదు కుటుంబాలను కూడగట్టాడు. నాన్న ఆయన దగ్గరికి మతం కోసం వెళ్ళలేదు. ఊరికే కూర్చోవడానికి వెళ్ళాడు. నేను సెలవుకు వెళ్ళినప్పుడు అడిగితే నాన్న చెప్పిన మాట ఇది:

"పాస్టరుగారు ఏడవొద్దన్నాడురా, మీ అమ్మ పరలోకంలో ఉందన్నాడు. ఈయన కింద కూర్చోబెట్టి ఏడవమన్నాడు. ఏడు రోజులు ఏ పనీ చెయ్యొద్దు, నీ అన్నం నువ్వు వండుకోవద్దు, మేం తెచ్చి పెడతాం అన్నాడు. నాకు అది కావాల్సొచ్చింది."

అప్పటికి అమ్మ పోయి ఏడు రోజులు ఎప్పుడో దాటాయి. అయినా కూర్చున్నాడట. ఆ తరవాత శనివారం విశ్రాంతి దినం, శుక్రవారం పొద్దుగూకకముందు దీపాలు, పంది మాంసం మానడం ఒకటొకటిగా వచ్చాయి. తమ్ముడు నాన్న వెనకే వెళ్ళాడు. నేను వెళ్ళలేదు. వెళ్ళకపోగా వెటకారం చేశాను. "ఇప్పటికి మనకున్న పేర్లు చాలవా నాన్నా? ఇంకోటి తగిలించుకోవాలా?" అన్నాను. నాన్న నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు ఓపికో, నా మీద ఆశ వదులుకోవడమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

తరవాత తమ్ముడికి వీసా తెప్పించింది నేనే. వాడికి ఇబ్రాలో, వేరే కంపెనీలో పని దొరికింది. ఎయిర్‌పోర్టు నుంచి వచ్చేటప్పుడే చెప్పాను: "కాయితాల్లో క్రిస్టియన్ అని ఉంది. నోట్లో కూడా అదే ఉండాలి. ఇది ఏ దేశమో గుర్తుంచుకో." వాడు తలూపాడు. కానీ అక్కడ సెలవు శుక్రవారం, శనివారం వారంలో మొదటి డ్యూటీ. నెల తిరక్కముందే వాడు ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళి శనివారం సెలవిస్తే శుక్రవారం పని చేస్తానన్నాడు. ఫోర్‌మన్ కడప సాయిబు. కాంక్రీటు పోశాక దానికి రోజూ నీళ్ళు పెట్టాలి, శుక్రవారం ఆ పనికి ఎవరూ దొరకరు. అందుకని ఒప్పుకున్నాడుగానీ ఊరికే ఒప్పుకోలేదు.

"ఏమబ్బా, శనివారం ఏముండాది నీకు?"

"మొక్కుందండీ," అన్నాడు వాడు.

"క్రిస్టియనోడివి, ఎంకన్నకు ఒక్కపొద్దు ఉంటావా? నీ పాస్టరుకు తెలిస్తే తంతాడు పో."

అలా తమ్ముడు ఆ సైట్లో వెంకన్న భక్తుడయ్యాడు. శనివారం కొందరు వాడికి అరటిపళ్ళు ఇచ్చేవారట. వాడు ఈ కథ చెప్పి నవ్వుతుంటే నాకు ఒళ్ళు మండేది. ఎవడో ఒకడు కూపీ లాగుతాడు, వాడి బండారంతో పాటు నాదీ బయటపడుతుంది అని భయం. నాకంటూ ఏ బండారమూ లేదు. అయినా భయపడ్డాను.

బావ ఫోన్ పెట్టేశాక నాకు మొదట కనబడింది నాన్న కాదు. నాన్నవాళ్ళ పద్ధతిలో చొక్కా చింపుకుని, గడ్డం పెంచుకుని, ఇబ్రా క్యాంపులో నేల మీద ఏడు రోజులు కూర్చునే తమ్ముడు కనబడ్డాడు. చుట్టూ చేరి ఇదేం ఆచారమని అడిగే జనం కనబడ్డారు. గల్ఫ్‌లో చావు కబుర్లు దాచడం కొత్త కాదు. కాంట్రాక్టు మధ్యలో మనిషి పని వదిలి పరిగెత్తకూడదని ఇళ్ళల్లోవాళ్ళే దాస్తారు. నేనూ తమ్ముడి మంచికే దాస్తున్నాననుకున్నాను. వాడి ఉత్తరాలు కూడా నా కంపెనీ పోస్టుబాక్సుకే వచ్చేవి, కాబట్టి దాచడం కష్టం కాలేదు.

రెండు శుక్రవారాలకొకసారి కంపెనీ పికప్ ఇబ్రా వైపు వెళ్ళేది. ఆ తరవాత మొదటిసారి వెళ్ళినప్పుడు తమ్ముడు స్లాబు మీద నీళ్ళు కొట్టి వచ్చి, టేప్‌రికార్డర్‌లో కొత్త క్యాసెట్ పెట్టాడు. అప్పట్లో ఉత్తరాలతో పాటు మాటలు రికార్డు చేసి, ఊరెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపేవాళ్ళం.

"నాన్నా, నేను బాగున్నాను. అన్నయ్య పక్కనే ఉన్నాడు. పెద్దాయన చెప్పిన ప్రార్థన సగం కంఠతా వచ్చింది. మిగతా సగం ఇంకో క్యాసెట్లో చెప్పించి పంపు. మోకాలికి తైలం రాసుకుంటన్నావా?" అని, మైకు నా వైపు తిప్పాడు. "నువ్వూ మాట్లాడన్నా."

నేను మాట్లాడాను. "నాన్నా, ఒళ్ళు జాగ్రత్త. చలికి తిరగమాకు," అన్నాను. గొంతు వణకలేదు. ఇన్నేళ్ళలో నన్ను నేను ఎక్కువగా అసహ్యించుకున్నది దాచినందుకు కాదు, ఆ గొంతు వణకనందుకు.

ఇంకోసారి వెళ్ళాను. అప్పుడూ చెప్పలేదు. నెల దాటిపోయింది.

నా రూములో కరీంనగర్ వైపు మనిషి ఒకడుండేవాడు, మేస్త్రీ. ఆ వారం వాళ్ళ ఊరి నుంచి ఒకతను వచ్చి, మాటల్లో నోరు జారి, వాళ్ళమ్మ పోయి ఆర్నెల్లయిందని చెప్పేశాడు. మేస్త్రీ ఏడవలేదు. మంచం మీద కూర్చుని గోడ చూస్తూ మాట్లాడాడు.

"మొన్న పండుగకు అవ్వకు చీర పంపిన. మంచిగున్నదని మా అన్న రాసిండు. అవ్వ కట్టుకున్నదట."

"నీ మంచికే దాచుంటారులే," అన్నాను.

"మంచా? ఆర్నెల్ల సంది నేను నవ్విన నవ్వులన్నీ ఇప్పుడు యాదికొస్తున్నయి. మా అన్నకేం, ఆయన ఏడ్సిండు, దినాలు చేసిండు, అయిపోయింది. నాకు ఇయ్యాల్నే సచ్చింది అవ్వ. నాతోని ఏడ్సేటోడు ఒక్కడు లేడు." అటు తిరిగి పడుకుంటూ అన్నాడు. "ఇగ మా అన్న మొకం సూడ."

ఆ శుక్రవారం సామాన్లతో ఇబ్రా వెళ్తున్న వేరే పికప్‌లో, ముందు చోటు లేదంటే వెనక సామాన్ల మధ్య కూర్చుని వెళ్ళాను.

తమ్ముడు స్లాబు మీద పైపు పట్టుకుని ఉన్నాడు. ఎండ ఇంకా తగ్గలేదు. నీళ్ళు పడ్డచోట సిమెంటు ఆవిరి కక్కుతోంది. నన్ను చూసి, "ఏందన్నా, ఇది నీ వారం కాదుగా?" అన్నాడు.

"నాన్న పోయాడురా."

పైపు వాడి చేతిలోనే ఉంది. "ఎప్పుడు?"

"నెల దాటింది."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆ రోజే."

వాడు నన్ను తిట్టలేదు. అటు తిరిగి మిగిలిన స్లాబంతా తడిపాడు. మూలలు కూడా వదల్లేదు. పైపు చుట్టి పెట్టాడు. నిచ్చెన దిగి రూముకు నడిచాడు. నేను వెనక నడిచాను. రూములో మిగతావాళ్ళు బజారుకు వెళ్ళారు. చెప్పులు బయట వదిలి, చొక్కాను గుండె మీద ఎడమవైపు పట్టి చింపాడు. పాత చొక్కా, ఒక్కసారికే చిరిగింది. నేల మీద కూర్చున్నాడు.

"కిటికీలో పొద్దు చూడు. ఎంతుంది?" అన్నాడు.

"గంటన్నర ఉంటది."

"సరిపోద్ది. దీపాల టైముకి లేవాలి. విశ్రాంతి దినాన ఇట్టా కూర్చోకూడదు."

"ఒక్క గంటేనా? ఏడు రోజులన్నారుగా?"

"బయల్దేరేముందు పెద్దాయన్ని అడిగాను. దూరదేశం పోతన్నాను, ఇంట్లో ఏదన్నా అయ్యి ఆలస్యంగా తెలిస్తే ఎట్టా అని. పుస్తకం తీసి చూశాడు. నెల లోపల తెలిస్తే ఏడు రోజులు కూర్చోవాలి. నెల దాటాక తెలిస్తే అది దూరపు కబురు. ఒక్క గంట చాలు." వాడి గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నువ్వు పోయినసారి వచ్చినప్పుడు చెప్పినా నాకు ఏడు రోజులు ఉండేయి."

నేను గోడకానుకుని నిలబడ్డాను. కూర్చోవాలో లేదో తెలియలేదు.

"నీకు కబురు టైముకే వచ్చింది. నీ ఏడు రోజులు ఏం చేశావన్నా?"

"డ్యూటీకి పోయాను."

వాడు మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. తరవాత వీపు కదలడం చూశాను. నాన్నకు ఆ పెద్దాయన ఇచ్చింది ఇదే. కూర్చోవడానికి కొంచెం నేల, ఏడవడానికి కొంత సమయం, పక్కన ఎవరో ఒకరు. నాన్నకు కావాల్సొచ్చింది ఏమిటో అర్థం కావడానికి నాకు నాన్నే పోవాల్సి వచ్చింది, అది కూడా ఇంత ఆలస్యంగా. తమ్ముడు క్యాంపు మధ్యలో కూర్చుంటే జనం ఏమడుగుతారోనని భయపడ్డాను. ఆ గంటలో ఒకే ఒక్కడు తొంగి చూశాడు, కడప ఫోర్‌మన్.

"ఏమైంది వానికి?"

"మా నాన్న పోయాడండీ."

"అయ్యో," అని చెప్పులు విప్పి లోపలికి వచ్చి, వాడి పక్కన నేల మీద కాసేపు కూర్చున్నాడు. ఇదేం ఆచారమని అడగలేదు. వెళ్ళేటప్పుడు నా వైపు చూసి, "వానికేమన్నా తినబెట్టు, నిలబడి చూస్తాండావేమి," అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది, దుఃఖంలో ఉన్నవాడు తన అన్నం తాను వండుకోకూడదని. కిరోసిన్ స్టవ్ ముట్టించాను. రెండు గుడ్లు ఉడకేశాను, అన్నం పెట్టాను. వాడు తింటాడన్న నమ్మకం లేదు. నా చేతి కూడు ఎందుకు తినాలి? కిటికీలో పొద్దు కొండ మీదికి దిగుతుంటే, ఆ గుడ్లు ఎప్పటికి ఉడుకుతాయా అని స్టవ్ ముందు గొంతుక్కూర్చుని చూస్తూ ఉన్నాను. ఆ ఒక్క పని సరిగ్గా చెయ్యాలనిపించింది.

గంట అయ్యాక లేచి మొహం కడుక్కున్నాడు. చొక్కా మార్చుకుని రెండు కొవ్వొత్తులు వెలిగించాడు. నేను కంచం ముందు పెట్టాను. చాలాసేపు చూశాడు. ఒక గుడ్డు ఒలిచి తిన్నాడు. రెండోది ఒలిచి నా చేతిలో పెట్టాడు.

"నీకెవరూ పెట్టలేదుగా," అన్నాడు.

అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. వాడు ఓదార్చలేదు. ఆపమనీ అనలేదు.

ఈలోగా పికప్ వెళ్ళిపోయింది. ఆ రాత్రి ఇబ్రాలోనే పడుకున్నాను. మర్నాడు శనివారం, నా డ్యూటీ పోయింది. నేను పాటించిన మొదటి విశ్రాంతి దినం అదే. భక్తితో కాదు, బండి తప్పిపోయి. ఇద్దరం చాపల మీద పడుకునే ఉన్నాం. అంతకుముందు ఎన్నేళ్ళుగా నేను ఒక పగలంతా ఏమీ చెయ్యకుండా ఉన్నానో గుర్తురాలేదు. ఒళ్ళంతా ఎప్పటి బడలికో బయటికి వచ్చినట్టు నొప్పులు.

ఆ తరవాత నేనూ నా ఫోర్‌మన్ని అడిగి, శనివారం సెలవుకు బదులు శుక్రవారం నీళ్ళ డ్యూటీ తీసుకున్నాను. దానితో మా ఇద్దరికీ కలిసే రోజే లేకుండా పోయింది. శుక్రవారం పని ఉంటుంది, శనివారం ప్రయాణం చెయ్యకూడదు. ఏడాదంతా అలాగే గడిచింది. వాడు క్షమించాడో లేదో ఫోన్‌లో అడిగే ధైర్యం నాకు లేదు. మేస్త్రీ అన్న మాట మాత్రం రోజూ చెవిలో ఉండేది.

నాన్న సంవత్సరీకానికి ఇద్దరం సెలవు పెట్టి ఊరెళ్ళాం. కొడుకులు చెప్పాల్సిన ప్రార్థన ఒకటుంది, కద్దీష్ అంటారు, దానికి పదిమంది మగవాళ్ళుండాలి. ఒమన్‌లో మేం ఇద్దరమే. ఊళ్ళో పెద్దాయన పదిమందిని కూర్చోబెట్టాడు. తమ్ముడికి ఆ ప్రార్థన అప్పటికి పూర్తిగా వచ్చు. నాకు ఒక్క ముక్క రాదు. వెనక వరసలో నిలబడ్డాను.

వాడు వెనక్కి తిరిగి నా చెయ్యి పట్టి ముందుకు లాగాడు. "పెద్దోడివి నువ్వు. నేను చెప్తా, నువ్వు నా వెనక పలుకు."

"నాకు అర్హత లేదురా," అన్నాను.

"అది నాన్నా నువ్వూ చూసుకోండి. నాకు ఒక్కడినే నిలబడటం చేతకావట్లేదు."

వాడు ఒక్కొక్క మాటే చెప్పాడు. నేను తప్పులతో ఒక్కొక్కటే పలికాను. నాకు నోరు తిరగనిచోట వాడు ఆగాడు. నేను అందుకున్నాకే ముందుకు వెళ్ళాడు.